కేర్ హోమ్‌లో ఉన్న పెద్దవాళ్ళను సరిగ్గా చూసుకుంటున్నారా? నిర్లక్ష్యాన్ని గుర్తించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

అమ్మనో నాన్ననో కేర్ హోమ్‌లో చేర్చినవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "వెళ్ళినప్పుడల్లా అంతా బాగానే కనిపిస్తోంది. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. నిజంగా బాగా చూసుకుంటున్నారో లేదో ఎలా తెలుస్తుంది?"

ఎవరైనా చెయ్యి చేసుకుంటే సాధారణంగా ఒంటి మీద గుర్తు మిగులుతుంది. నిర్లక్ష్యాన్ని పట్టుకోవడం అంతకన్నా కష్టం, ఎందుకంటే అక్కడ ఎవరూ ఏమీ చెయ్యలేదు. నీళ్ళు ఇవ్వలేదు, పక్కకు తిప్పలేదు, తడిసిన డయాపర్ మార్చలేదు. అందుకే మీరు వెతకాల్సింది జరగాల్సి ఉండి జరగకుండా పోయిన పనులను. కింద చెప్పిన వరుసలోనే చేయండి. మొదటి మెట్టు వదిలేస్తే మిగతావన్నీ అనుమానాలుగానే మిగిలిపోతాయి.

1. ముందుగా, ఇప్పుడు ఎలా ఉన్నారో రాసిపెట్టుకోండి

మార్పు కనిపించాలంటే పోల్చి చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. చేర్చిన మొదటి వారంలోనే రాసుకుంటే మంచిది. చేర్చి చాలా కాలం అయిపోయిందా, ఈరోజే మొదలుపెట్టండి.

ఒక చిన్న నోటుబుక్కులో ఇవి ఉండాలి:

- బరువు, తూచిన తేదీ
- నడక: ఒంటరిగా నడుస్తారా, కర్రతోనా, ఇద్దరు పట్టుకోవాలా
- తిండి: సొంతంగా తింటారా, తినిపించాలా, మింగడంలో ఇబ్బంది ఉందా
- మల మూత్రాలు: బాత్రూమ్‌కి వెళ్తారా, డయాపరా, ట్యూబా
- ఒంటి మీద ఇప్పటికే ఉన్న మచ్చలు, పుండ్లు, వాపులు
- మందుల పూర్తి జాబితా, ఏ వేళకు ఏది
- మాట, జ్ఞాపకం: ఎవరెవరిని గుర్తుపడతారు, ఎంతసేపు మాట్లాడతారు
- వస్తువులు: కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు, చెప్పులు

కేర్ హోమ్ దగ్గర కూడా ఒక కేర్ ప్లాన్ ఉంటుంది. ఎన్ని గంటలకోసారి తిప్పాలి, ఎవరు తినిపించాలి, స్నానం ఎప్పుడు అన్నీ అందులో రాసి ఉండాలి. దాని కాపీ అడిగి తీసుకోండి. అసలు ప్లానే లేదంటే, మీ పరిశీలనలో మొదటి లోపం అదే.

2. వెళ్ళే వేళలు మార్చండి

ప్రతి ఆదివారం ఒకే సమయానికి వెళితే, మీరు వచ్చే వేళకు తల దువ్వి, బట్టలు మార్చి కూర్చోబెడతారు. అందులో మోసం ఉందని కాదు, ఎవరైనా చేసే పనే అది. కానీ మీకు తెలియాల్సింది మిగతా ఆరు రోజుల సంగతి.

భోజనం వేళకు ఒకసారి వెళ్ళండి. పొద్దున్నే ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, సెలవు రోజున ఒకసారి వెళ్ళండి. సిబ్బంది తక్కువగా ఉండేది ఆ వేళల్లోనే. అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఉంటే రోజులు పంచుకోండి. ఒకే రోజు అందరూ కలిసి వెళ్ళడం కంటే విడివిడిగా వెళ్ళడం ఎంతో మేలు.

3. గదిలోకి వెళ్ళగానే చూడాల్సినవి

కూర్చుని మాటల్లో పడకముందే రెండు నిమిషాలు చుట్టూ చూడండి.

- కాలింగ్ బెల్ చేతికి అందేలా ఉందా? గోడకు వేలాడుతూనో మంచం కింద పడిపోయో ఉంటే అది ఉన్నా లేనట్టే.
- నీళ్ళ గ్లాసు అందుతుందా? ఎత్తగలిగే బరువేనా?
- కళ్ళజోడు, వినికిడి యంత్రం పెట్టుకుని ఉన్నారా, డ్రాయర్‌లో ఉన్నాయా? యంత్రంలో బ్యాటరీ పనిచేస్తోందా?
- మూత్రం వాసన ఆ గదిలోనేనా, దుప్పటి నుంచా, వరండా అంతటానా?
- వేసుకున్న బట్టలు వాళ్ళవేనా? పోయినసారి చూసిన మరక ఇంకా ఉందా?
- మూత్రం ట్యూబు ఉంటే సంచి మూత్రాశయం కంటే కిందికి ఉందా, నిండిపోయి ఉందా?

కళ్ళజోడు చిన్న విషయం అనుకుంటారు చాలామంది. నేను దాన్ని చాలా పెద్ద గుర్తుగా చూస్తాను. వినపడక, కనపడక కూర్చున్న మనిషిని "ఎవరితోనూ కలవడం లేదు, మతిమరుపు ముదిరింది" అని తేల్చేస్తారు. పొద్దున లేపినప్పుడు అర నిమిషం పట్టే ఆ పని జరగడం లేదంటే, అరగంట పట్టే స్నానం ఎలా జరుగుతోందో ఆలోచించండి.

బెల్ ఒకసారి నొక్కించి చూడండి. ఎంతసేపటికి వచ్చారో రాసుకోండి. ఒక్కసారి ఆలస్యమైతే పట్టించుకోవద్దు. వెళ్ళిన ప్రతిసారీ అదే వరస అయితే పట్టించుకోవాలి.

4. ఒంటిని చూడటం

చాలామంది వదిలేసేది ఇదే. అమ్మ ఒళ్ళు చూడటానికి కొడుకు మొహమాటపడతాడు, నాన్నను చూడటానికి కూతురు ఇబ్బంది పడుతుంది. కానీ నిర్లక్ష్యం ఎక్కువగా దుప్పటి కిందే దాగి ఉంటుంది. ముందు వాళ్ళ అనుమతి అడగండి, తలుపు వేయండి, ఒక్కో భాగమే కొంచెం కొంచెంగా తీసి చూడండి. లేదా స్నానం చేయించే వేళకు వెళ్ళి "నేను కూడా సాయం పడతాను" అనండి. అన్నింటికంటే సులువైన దారి అదే.

పడక పుండ్లు. ఒకే వైపు గంటల తరబడి పడుకుంటే లేదా కూర్చుంటే ఎముక ఆనే చోట రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. నడుము కింద, పిరుదుల మీద, తుంటి పక్కన, మడమల మీద, చీలమండల దగ్గర, మోచేతుల మీద, భుజాల వెనక, తల వెనక చూడండి. ఆక్సిజన్ ట్యూబు ఉన్నవాళ్ళకు చెవుల వెనక కూడా చూడాలి.

ఎర్రటి మచ్చ కనిపిస్తే వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే ఇంకా రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే అది పుండులో మొదటి దశ. నల్లటి చర్మం మీద ఈ ఎరుపు సరిగ్గా కనిపించదు. అలాంటప్పుడు చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా లేక మెత్తబడిందా, ఊదా రంగుకు తిరిగిందా, తాకితే నొప్పి అంటున్నారా చూడండి.

రెండో దశలో పైచర్మం ఊడిపోతుంది లేదా పొక్కు లేస్తుంది. మూడో దశలో గుంట పడి కొవ్వు కనిపిస్తుంది. నాలుగో దశలో కండరమో ఎముకో బయటపడుతుంది. కదలలేని మనిషికి మొదటి దశ కొన్ని గంటల్లోనే రావచ్చు కాబట్టి మచ్చ కనిపించగానే తప్పు పట్టలేం. కానీ మూడో దశకు వచ్చేదాకా ఎవరూ చూడలేదన్నా, కుటుంబానికి చెప్పలేదన్నా అది తీవ్రమైన విషయమే.

సొంతంగా కదలలేనివాళ్ళను మంచం మీద సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పుతారు. మనిషిని బట్టి, పరుపును బట్టి ఈ లెక్క మారుతుంది. కుర్చీలో ఉన్నవాళ్ళను అంతకంటే తరచుగా, కనీసం గంటకోసారి కదపాలి. తిప్పినట్టు రాసే చార్ట్ చూపించమనండి. మీరు మూడు గంటలు కూర్చున్నా ఎవరూ రాలేదు, చార్ట్‌లో మాత్రం తిప్పినట్టు ఉందంటే, పుండు ఉన్నా లేకున్నా అది రాసుకోవాల్సిన విషయం.

ఈ విషయంలో రెండు పొరపాట్లు ఇళ్ళలోనూ, కేర్ హోమ్‌లలోనూ కనిపిస్తాయి. ఎర్రబడిన చోట మర్దన చేయకూడదు, దెబ్బతిన్న కండ ఇంకా చెడిపోతుంది. మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు వేయకూడదు, చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది. మడమలకైతే పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చేయాలి.

తడి వల్ల వచ్చే ఒరుపు. తొడల సందుల్లో, డయాపర్ తగిలే చోటంతా పరుచుకున్నట్టు ఎర్రగా, పచ్చిగా ఉంటే అది తడిలో ఎక్కువసేపు ఉంచడం వల్ల వచ్చింది అయ్యే అవకాశం ఎక్కువ. పడక పుండు సాధారణంగా ఎముక మీద, స్పష్టమైన అంచుతో ఉంటుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు.

నోరు. పళ్ళు సరిగ్గా తోముతున్నారో లేదో నోరు తెరిపిస్తే తెలిసిపోతుంది. నాలుక ఎండిపోయి చీలికలు పడటం, తెల్లటి పూత, చిగుళ్ళ నుంచి రక్తం, కట్టుడు పళ్ళ కింద రోజుల నాటి తిండి ఉన్నాయేమో చూడండి. నోరు శుభ్రంగా లేకపోతే ఆ సూక్ష్మక్రిములు ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా రావచ్చు.

గోళ్ళు, చేతులు, కాళ్ళు. పెరిగి వంకర తిరిగిన కాలి గోళ్ళు, గోళ్ళ కింద మలం, ముడుచుకుపోయి తెరుచుకోని పిడికిలి కనిపించవచ్చు. పక్షవాతం వచ్చిన చెయ్యి ముడుచుకుపోతే మెల్లగా తెరిచి అరచేతిలోకి చూడండి, గోళ్ళు గుచ్చుకుని పుండ్లు పడి ఉండొచ్చు.

కమిలిన మచ్చలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు చిన్న తాకిడికే నల్లబడుతుంది. ముంజేతుల మీద ఒకటి రెండు మచ్చలు సహజం. రెండు మణికట్ల చుట్టూ ఒకేలా, లోపలి తొడ మీద, భుజాల మీద వేళ్ళ ఆకారంలో ఉన్నవి సహజం కాదు. కట్టేయడం వల్లో గట్టిగా పట్టుకోవడం వల్లో వచ్చి ఉండొచ్చు. అలా వచ్చినవైతే అది నిర్లక్ష్యం కాదు, హింస. వెంటనే డాక్టర్‌కు చూపించండి.

5. తిండి, నీళ్ళు, బరువు

భోజనం వేళకు వెళ్ళినప్పుడు పళ్ళెం వచ్చినప్పుడు కాదు, వెనక్కి వెళ్ళేటప్పుడు చూడండి. మూత కూడా తీయని గిన్నెలు తిరిగి వెళ్తుంటే, చార్ట్‌లో "పూర్తిగా తిన్నారు" అని ఉంటే, అసలు సంగతి అక్కడే దొరుకుతుంది.

బరువు నెలకోసారైనా తూచాలి. నెలలో 5 శాతం లేదా ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే కారణం వెతకాల్సిందే. 60 కిలోల మనిషికి అంటే నెలలో 3 కిలోలు, ఆరు నెలల్లో 6 కిలోలు. కాళ్ళకు నీరు చేరితే బరువు తగ్గడం కనిపించదు. అప్పుడు వదులైన ఉంగరం, జారుతున్న కట్టుడు పళ్ళు, లోపలికి పోయిన కణతలు చెబుతాయి.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో చూడటానికి చేతి చర్మం గిల్లి చూసే పద్ధతి పెద్దవాళ్ళలో నమ్మకమైనది కాదు, వయసుతో చర్మం ఎలాగూ వదులవుతుంది. ఎండిన నాలుక, ముదురు రంగు మూత్రం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి అయోమయం చూడండి.

ఆత్రంగా మీరే గ్లాసు అందించకండి. మింగడం ఇబ్బందైతే పలచటి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు నీటి పరిమితి ఉండొచ్చు. ముందు నర్సును అడగండి. తినేటప్పుడు, తిన్నాక అరగంట పాటు నిటారుగా కూర్చోబెడుతున్నారో లేదో గమనించండి. పడుకోబెట్టి గబగబా నోట్లో కుక్కడం ప్రమాదకరమైన నిర్లక్ష్యం.

మలం సంగతి అడగడానికి సిగ్గుపడొద్దు. రోజుల తరబడి గట్టిపడి అడ్డుపడితే దాని పక్క నుంచి నీళ్ళలా కారుతుంది. దాన్ని విరేచనాలు అనుకుని ఆపే మందు ఇస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది.

6. మందులు, మగత

డాక్టర్ రాసిన చీటీ చూస్తే సరిపోదు. ఏ రోజు, ఏ వేళకు ఇచ్చారో నమోదు చేసే చార్ట్ అడగండి. పార్కిన్సన్స్ (వణుకు, బిగుతు తెచ్చే నరాల జబ్బు) మందు గంట ఆలస్యమైతే మనిషి బిగుసుకుపోవచ్చు. ఇన్సులిన్ ఇచ్చి తిండి ఆలస్యం చేస్తే షుగర్ పడిపోతుంది.

ఎప్పుడు వెళ్ళినా నిద్రలోనే ఉంటున్నారా? ఈ మూడూ అడగండి: కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారా, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారు. మనుషులు చాలక, గొడవ చేయకుండా ఉండటానికి మత్తు మందు ఇవ్వడం వైద్యం కాదు. డెమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్ళలో యాంటీసైకోటిక్ మందులు (తీవ్రమైన మానసిక జబ్బులకు వాడేవి) పక్షవాతం, మరణం ముప్పును పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఆపించకండి, డాక్టర్‌తోనే మాట్లాడండి.

మంచానికో కుర్చీకో కట్టేయడం, లేవకుండా కుర్చీకి ట్రే బిగించేయడం కూడా ఇలాంటివే. మంచం రెయిలింగ్ రక్షణ అనుకుంటాం. దాన్ని దాటాలని చూసే మనిషి ఇంకా ఎత్తు నుంచి పడతాడు.

7. మాట్లాడించే పద్ధతి

"బాగా చూసుకుంటున్నారా అమ్మా?" అని అడిగితే "బానే ఉందిలే" అనే జవాబు వస్తుంది. మిమ్మల్ని టెన్షన్ పెట్టకూడదని అలా అంటారు. సిబ్బంది ఎదురుగా అయితే తప్పకుండా అలాగే అంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు, రోజువారీ పనుల గురించి అడగండి:

- రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తే ఎవరిని పిలుస్తావు? వస్తారా?
- నిన్న స్నానం ఎవరు చేయించారు?
- ఇక్కడ నీకు ఎవరంటే ఇష్టం? ఎవరొస్తే ఇబ్బందిగా ఉంటుంది?

మతిమరుపు ఉన్నవాళ్ళు తేదీలు తప్పు చెప్పినా భయం తప్పు చెప్పదు. ఒక వ్యక్తి గదిలోకి రాగానే ముడుచుకుపోవడం, చెయ్యి అడ్డం పెట్టుకోవడం గమనించండి. మాట లేనివాళ్ళ నొప్పిని అంచనా వేయడానికి పెయినాడ్ అనే కొలమానం ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, శరీరం కదలిక, ఓదారిస్తే ఊరుకుంటున్నారా అనే ఐదు అంశాలకు 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. దాన్ని వాడుతున్నారా అని అడగండి.

గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో మనిషి తీరు మారిపోతే "వయసు కదండీ" అనే జవాబుతో సరిపెట్టుకోవద్దు. డెమెన్షియా నెలలు, ఏళ్ళ మీద ముదురుతుంది. ఉన్నట్టుండి వచ్చే అయోమయం వెనక ఇన్ఫెక్షన్, నీరు తగ్గడం, మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, నొప్పి, కొత్త మందు వంటి కారణం ఉంటుంది. అరిచే మనిషినైనా ఎవరో ఒకరు చూస్తారు. మౌనంగా మందగించిపోయిన మనిషిని "ఈరోజు ప్రశాంతంగా ఉన్నారు" అని వదిలేస్తారు.

8. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినవి

కింది వాటిలో ఏది కనిపించినా చార్ట్‌లు, వాదనలు తర్వాత. అంబులెన్స్ పిలవండి.

- లేపినా లేవకపోవడం, ఊపిరి అందకపోవడం
- మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం
- పడిపోయి తలకు దెబ్బ తగలడం, ముఖ్యంగా రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకు
- పడ్డాక నిలబడలేకపోవడం, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనిపించడం
- జ్వరంతో పాటు అయోమయం
- పుండు నల్లబడి, చీము పట్టి, దుర్వాసన రావడం
- చాలా గంటలుగా మూత్రం రాకపోవడం

9. నిర్లక్ష్యమా, జబ్బు ముదరడమా?

ఇక్కడ న్యాయంగా ఉండాలి. చివరి దశలో ఉన్నవాళ్ళు ఎంత బాగా చూసుకున్నా తిండి తగ్గిస్తారు, బరువు తగ్గుతారు. కొందరికి ఎంత జాగ్రత్త పడినా పుండ్లు వస్తాయి. కొందరు స్నానం వద్దని మొండికేస్తారు, ఆ హక్కు వాళ్ళకుంది.

అందుకే గుర్తు ఒక్కటే చూసి తేల్చకండి. దాని వెంట కేర్ హోమ్ ఏం చేసిందో చూడండి. వాళ్ళు ముందే గమనించారా? డాక్టర్‌కు చెప్పారా? మీకు చెప్పారా? ప్లాన్ మార్చారా? స్నానం వద్దంటే ఇంకో వేళకు, ఇంకో మనిషితో ప్రయత్నించారా? వీటికి రాతపూర్వకంగా జవాబులుంటే అది బహుశా జబ్బే. మీరు చెప్పేదాకా ఎవరికీ తెలియదంటే అది నిర్లక్ష్యం.

10. ఎలా రాసుకోవాలి

"అస్సలు పట్టించుకోవడం లేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయండి: "మంగళవారం సాయంత్రం 5:40. అమ్మ దుప్పటి తడిగా ఉంది. బెల్ నొక్కాం. 6:15కు నర్సు వచ్చారు. మధ్యాహ్నం 2 తర్వాత డయాపర్ మార్చినట్టు చార్ట్‌లో లేదు."

- తేదీ, సమయం, చూసింది, ఎవరితో చెప్పారు, వాళ్ళు ఏమన్నారు
- పుండు ఫోటో, పక్కన స్కేలు పెట్టి, ముఖం కనిపించకుండా, వాళ్ళ అనుమతితో
- వారానికోసారి అదే చోట మళ్ళీ ఫోటో

ఆ ఫోటోలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది మీ అమ్మ ఒళ్ళు.

11. ఎవరితో, ఏ వరుసలో మాట్లాడాలి

మొదట ఆ షిఫ్టు నర్సుతో. ఆయాల మీద అరవకండి, ఒక్కో ఆయా మీద ఎంతమంది భారం ఉందో మీకు తెలియదు. పైగా రేపు అమ్మను తాకే చేతులు అవే. "రెండు గంటలకోసారి తిప్పాలని ప్లాన్‌లో ఉంది. ఈరోజు ఎవరు తిప్పుతారు?" అని పని పేరు పెట్టి అడగండి.

రెండు మూడు రోజుల్లో మారకపోతే నర్సింగ్ ఇన్‌చార్జికి, తర్వాత మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. చూసింది, కోరుతున్నది, ఏ తేదీలోగా అనేవి మూడూ అందులో ఉండాలి. కేర్ ప్లాన్ సమావేశం పెట్టమనండి. బయటి డాక్టర్‌తో ఒకసారి పరీక్ష చేయించి ఆ రిపోర్టు జతచేయండి. అయినా కదలిక లేకపోతే ఆ కేంద్రానికి అనుమతి ఇచ్చిన ప్రభుత్వ శాఖకు, వృద్ధుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. గాయమో హింసో అయితే ఈ మెట్లన్నీ ఎక్కనక్కరలేదు, నేరుగా పోలీసులకు చెప్పండి.

"ఫిర్యాదు చేస్తే ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమో" అనే భయం చాలామందిని ఆపేస్తుంది. ఆ భయం అర్థం లేనిది కాదు. ఫిర్యాదు ఇచ్చిన తర్వాత రెండు వారాలు ఎక్కువసార్లు, వేర్వేరు మనుషులు వెళ్ళండి. పట్టించుకునే కుటుంబం ఉందని తెలిసిన మనిషి జోలికి వెళ్ళడం తక్కువ.

12. వేరే చోటికి మార్చాలనుకుంటే

కోపంలో ఒక్క రోజులో మార్చకండి. కొత్త చోటు సర్దుకోవడం, ముఖ్యంగా డెమెన్షియా ఉన్నవాళ్ళకు, చాలా కష్టం. ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం ఆగకండి.

బయలుదేరే ముందు ఇవి చేతిలో ఉండాలి:

- మందుల చార్ట్, చివరి డోసు ఇచ్చిన సమయం
- కేర్ ప్లాన్, బరువుల నమోదు, పుండ్ల నమోదు కాపీలు
- బయలుదేరిన రోజు తీసిన పుండ్ల ఫోటోలు, కొత్త చోట చేరాక అదే రోజు తీసిన ఫోటోలు
- కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు
- మొదటి మెట్టులో రాసుకున్న నోటుబుక్కు

కొత్త కేర్ హోమ్ నర్సుతో కలిసి తల నుంచి పాదం దాకా ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టు ఇద్దరూ సంతకం పెట్టండి. ఏ పుండు ఎక్కడ మొదలైందో తర్వాత వాదన రాకుండా ఉంటుంది.